పలచనిది ముందు

ల్యాబ్‌లో ఆమెను చాటుగా అందరూ ఆగమ్మ అంటారు. తలుపు తోసుకుని ఎవరొచ్చినా ఆమె నోట ముందు వచ్చే మాట "ఆగండి". నూనె తొట్టి వేడి నిలకడకు వచ్చేదాకా, అందులో ముంచిన గాజు సెల్లులోని ద్రావణానికి ఆ వేడి పట్టేదాకా ఆమె మీటరు చూడదు, ఇంకొకర్ని చూడనివ్వదు. ఆ పేరు సంగతి తనకూ తెలుసు. "తొందరమ్మ అనలేదుగా, అదే పదివేలు" అంటుంది.

చాలా ఏళ్ళు విద్యార్థుల చేత ప్రయోగాలు చేయించే ఉద్యోగం చేసి, కూతురు హైస్కూలుకు వచ్చాక పీహెచ్‌డీలో చేరింది. లవణం నీళ్ళలో కరిగితే అయాన్లుగా విడిపోతుంది. అవి కరెంటు మోస్తాయి. లవణం ఎక్కువయ్యేకొద్దీ ఎదురెదురు చార్జీల అయాన్లు కొన్ని దగ్గరై జంట కడతాయి. ఆ జంట కరెంటు మోయదు. అందుకే గట్టి ద్రావణంలో, వేసిన లవణానికి తగ్గ కరెంటు రాదు. ఆ తరుగును కొలిచి, ఎన్ని జంట కట్టాయో చెప్పడం ఆమె పని.

"అంటే పెళ్ళయితే పనికిరారన్నమాట," అన్నాడు భర్త, మొదటిసారి విన్నప్పుడు. ఆయన అదే యూనివర్సిటీలో గాజు పనివాడు.

"మీ సంగతి మీటరు పెట్టకుండానే తెలిసింది లెండి," అందామె.

ఆమె సెల్లు ఆయన ఊదినదే. అందులో రెండు ప్లాటినం రేకులుంటాయి. కొలత నికరంగా రావడానికి వాటికి నల్లటి పూత వేస్తారు. భార్య పని కదా అని ఆయన ముఖమల్ లాగా మందంగా వేసి ఇచ్చాడు. ఎక్కడా మచ్చ లేదు.

ఆల్కహాలు కలిపిన నీళ్ళలో ఆమె లవణం, పూర్వం కొలిచినవాళ్ళు చెప్పినదానికన్నా చాలా ఎక్కువగా జంట కడుతోందని తేలింది. గైడు మురిసిపోయాడు. థీసిస్ టైపయింది. వేసవి సెలవుల్లోపు ఇస్తే లెక్చరర్ పోస్టుకు పెట్టుకోవచ్చు. ఆ పోస్టు కోసమే ఇంత వయసులో ఆమె మళ్ళీ చదువుకు దిగింది.

ఇచ్చేముందు అన్నిటికన్నా పలచని ద్రావణాన్ని ఇంకోసారి కొలిచింది. ఎవరూ కొలవమనలేదు. అంతకుముందు పండగ సెలవులన్నీ సెల్లు శుద్ధమైన నీళ్ళలో నానుతూ ఉండిపోయింది. ఈసారి వాహకత, అంటే ద్రావణం కరెంటు మోసే శక్తి, మునుపటికన్నా తగ్గింది.

"పాత కొలతలన్నీ ఒకే మాట చెబుతున్నాయి. తీరా ఒడ్డుకొచ్చాక ఈ ఒక్కదానికోసం ఏమిటమ్మా? పక్కన పడెయ్," అన్నాడు గైడు.

"అన్నీ ఒకే దారిన వచ్చాయి సార్. ఒకే మాట చెప్పక ఏం చేస్తాయి?"

ఆ దారి ఆమె వేసిందే. ఖరీదైన ఆల్కహాలు వృథా కాకుండా, ముందు గట్టి ద్రావణం పోసి, సెల్లులోనే మెట్టుమెట్టుగా పలచన చేస్తూ కొలిచింది. ఇప్పుడు గట్టిది పోసి, పారబోసి, ఎప్పటిలాగే కడిగి, శుద్ధమైన నీళ్ళు నింపి తొట్టిలో దించింది. మీటరులో అంకె కదలకూడదు. కదిలింది. మెల్లగా, ఆగకుండా పైకి పాకింది. నల్లటి పూత తాగిన లవణాన్ని కొద్దికొద్దిగా కక్కుతోంది. పండగ సెలవుల్లో నాని అదంతా నీళ్ళలోకి దిగిపోయింది కాబట్టే మొన్న వాహకత తగ్గింది. గట్టి ద్రావణంలో ఆ కాస్త లవణం సముద్రంలో కాకిరెట్ట. పలచనిదానిలో అలా కాదు. పలచనివి ఉన్నదానికన్నా బాగా కరెంటు మోస్తున్నట్టు కనిపించాయి. వాటితో పోల్చేసరికి గట్టివాటిలో తరుగు పెద్దదయింది. తరుగు పెరిగిన మేరకు లేని జంటలు లెక్కలోకి వచ్చాయి.

సెల్లు పట్టుకుని భర్త పనిచేసే గదికి వెళ్ళి చెప్పింది. ఆయన బర్నర్ మంట తగ్గించాడు.

"అయితే నా పూత ముంచిందన్నమాట."

"అంత బాగా వేశారు కాబట్టే అంతగా పట్టుకుంది. గట్టిది ముందు పోసింది నేను. పలచనిది ముందు పోసుంటే ఈ గొడవే లేదు."

"ఇది పొగడ్తా, తిట్టా?"

"పూత తీసేసి పల్చగా వెయ్యండి. తర్వాత చెబుతాను."

"మళ్ళీ ఇంత నున్నగా రాదోయ్." అంటూనే రేకుల్ని యాసిడ్‌లో దించాడు. నలుపు కరిగి రేకులు తెల్లబడుతుంటే ఆయన అటు తిరిగి గొట్టాలు సర్దుకున్నాడు. ఆమె కదలకుండా నిలబడి చూసింది.

ఈసారి ఏ ద్రావణానికి ఆ ద్రావణం విడిగా కలుపుకుని, పలచనిదానితో మొదలుపెట్టి గట్టిదాకా కొలిచింది. జంటలు ఉన్నాయి. పూర్వం వాళ్ళు చెప్పినన్నే ఉన్నాయి.

గైడు గ్రాఫు చాలాసేపు చూశాడు. "ఇందులో కొత్తేముందమ్మా?"

"ఏమీ లేదు సార్."

"వేసవి సెలవుల్లోపు మళ్ళీ రాయగలవా?"

"రాయలేను."

"మరి పోస్టు?"

ఆమె బల్లమీది క్లాంపు స్క్రూని బిగిస్తూ, వదులు చేస్తూ కూర్చుంది. "ఈసారికి పోయినట్టే సార్," అంది చివరికి. "కొత్త గీత పక్కన పాతది కూడా వేస్తాను."

"తప్పును ఎవరైనా థీసిస్‌లో పెట్టుకుంటారా?"

"ఆ సెల్లు నాతోపాటు ఇంటికి రాదు కదా సార్. నా తర్వాత ఎవరో ఒకరు తీసుకుంటారు. వాళ్ళు కూడా గట్టిదే ముందు పోస్తారు."

ఆమె తెచ్చిన, గడువు పొడిగించమనే కాగితాన్ని గైడు లాక్కుని సంతకం పెట్టాడు. రెండు గీతలకూ వేరువేరు రంగులు వాడమన్నాడు.