బల్ల కింది అక్షరాలు

మిషన్ తరఫున బర్మాలో తెలుగువాళ్ళ పిల్లలకు పదకొండేళ్ళు చదువు చెప్పిన సలోమి టీచరు, అక్కడ యుద్ధం ముదిరి బడి మూతపడ్డాక ఖరగ్‌పూర్ ట్రాఫిక్ కాలనీకి తిరిగొచ్చింది. ఆదివారం ప్రార్థన కాగానే సుద్దముక్క కొంగున ముడేసుకుని, పక్కింటి హైమవతి వరండాలో పిల్లలకు అక్షరాలు దిద్దిస్తుంది. గొంతు ఎప్పుడూ పెంచదు. మొన్న దగ్గర్లోని కలైకుండ వైమానిక స్థావరం నుంచి లేచిన యుద్ధవిమానం కాలనీ మీదుగా వెళ్తే, పాఠం ఆపకుండానే బల్ల కిందకు దూరింది. పిల్లలు నవ్వారు. సాయంత్రం బల్ల కడుగుదామని తిరగేసిన హైమవతికి అడుగున సుద్దతో రాసిన అ, ఆలు కనిపించాయి.

"ఇదేటి టీచరమ్మా, అడుగున రాసినారు?"

"అక్కడ విమానాలొస్తే సగం పాఠం బల్ల కిందే సెప్పీదాన్ని వదినా. పడుకున్న పిల్లలకి అచ్చరాలు కనపడాల కదా."

హైమవతి బల్లను నిలబెట్టి, పైవైపు మాత్రమే తుడిచింది.