సడలించని తీగలు

పాత గిటారు కొనబోయేవాళ్లు నన్ను వెంటబెట్టుకు వెళ్తుంటారు. నిజానికి వాళ్లకి నా మాట అక్కర్లేదు. మెరుపు చూసి అప్పటికే మనసు పారేసుకుని ఉంటారు, నేను తలూపితే చాలు. నేను మాత్రం మెరుపు జోలికి పోను. మెడ చూస్తాను, అంటే తీగల కింద ఉండే పొడుగాటి కర్ర. మెడ వంగిన గిటారు వేళ్లు కోసేస్తుంది గానీ పాట పలకదు. ఆ మాట చెబితే మొహం ముడుచుకుంటారు. ముడుచుకోనీ.

ఇలా చూడడం నాకు నేర్పింది మా బాబాయి. అయితే నేను చెప్పబోయేది ఆయన గురించి కాదు, మా పిన్ని గురించి.

పిన్ని దర్జీ. వీధి వైపు గదిలో కుట్టుమిషను, దాని పక్కన ఇస్త్రీ బల్ల, బల్ల వెనక గోడకి ఆనించి బాబాయి గిటారు. మనిషి మంచిదే గానీ కొలతల దగ్గర దయాదాక్షిణ్యాలు ఉండవు. ఒళ్లు చేసినవాళ్లు ఊపిరి బిగబట్టి కొలతలిస్తుంటే, "వదులు తల్లీ, ఎల్లకాలం ఇలాగే నిలబడతావా ఏంటి" అని నవ్వుతుంది. కొత్త స్కేలు కొనేటప్పుడు కూడా దాన్ని కంటి దగ్గర పెట్టుకుని, రెండో కన్ను మూసి, వంపు లేదని తేలితే గానీ తీసుకోదు. బాబాయి గిటారు మెడని సరిగ్గా అలాగే చూసేవాడు. ఎవరిని చూసి ఎవరు నేర్చుకున్నారన్నది ఆ ఇంట్లో తెగని తగువు.

బాబాయిది ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం. ఇంటికి రాగానే కాళ్లు కడుక్కుని గిటారు అందుకునేవాడు. ఉన్నమాట చెప్పాలంటే అంత గొప్పగా వాయించేవాడేమీ కాదు. కానీ శ్రుతి చేయడం అయ్యాక బొటనవేలితో ఆరు తీగలనూ ఒక్కసారి మీటేవాడు. అప్పుడు పిన్ని మిషను ఆపి తలెత్తేది. పొద్దుటి నుంచీ ఆ ఒక్క మోత కోసమే కుడుతోందేమో అనిపించేది నాకు. వాయించడం అయ్యాక తీగలన్నీ సడలించిగానీ ఆయన గిటారు పక్కన పెట్టేవాడు కాదు. రోజంతా అవి లాగుతుంటే పాపం మెడ మాత్రం ఎంతకని ఓర్చుకుంటుంది అనేవాడు.

ఏడేళ్ల కిందట ఆ బాబాయి ఎవరింట్లోనో మీటరు చూస్తూ చూస్తూ కుప్పకూలిపోయాడు. ఆ తర్వాత పిన్ని ఆ గిటారుని ఎవరినీ ముట్టనివ్వలేదు. లైనింగు ముక్కలు అతికి దానికో తొడుగు కుట్టింది. ఒకసారి నేను చెయ్యి వేయబోతే కత్తెర చూపించింది. నవ్వుతూనే చూపించింది, అయినా నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

అలాంటి పిన్ని మొన్న ఫోను చేసి, గిటారు అమ్ముతున్నాను, వచ్చి చూడు అంది. యూనిఫారాలు కుట్టించుకునే నర్సు ఒకామె, నేర్చుకోవడానికి పాత గిటారు ఎక్కడైనా దొరుకుతుందా అని అడిగితే, "మాది ఉందిగా" అనేసిందట. నేను నోరెళ్లబెట్టాను. వెళ్లేసరికి నర్సు అప్పటికే వచ్చి స్టూలు మీద కూర్చుని ఉంది. పిన్ని తొడుగు విప్పుతోంది.

"ఎన్నాళ్లని దీన్ని మూగదానిలా కూర్చోబెట్టను రా. కానీ పరాయి సరుకు చూసినట్టే చూడు. ఆయన వస్తువు గురించి రేపు ఎవరూ ఒక మాట అనకూడదు" అంది.

సరే, చూశాను. మెడ ఒంటికి అతికిన చోట పగుళ్లు లేవు. తల దగ్గరా లేవు. గిటారుని కంటి ఎత్తుకి లేపి మెడ పొడవునా చూశాను. నా కళ్లని నేనే నమ్మలేక పిన్ని స్కేలు అడిగి మెట్ల మీద నిలువుగా ఆనించాను. మెట్లంటే మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు. రెండు చివర్లా స్కేలు ఆనింది. మధ్యలో మాత్రం కాగితం కూడా కష్టంగా పట్టాల్సిన చోట నా గోరు దూరిపోయింది. మెడ బాగా వంగింది. తీగలు పైకి లేచి నిలబడ్డాయి.

తీగని వేలితో నొక్కి చూశాను. సడలి లేదు, బిగించే ఉంది. అన్నీ అంతే. నాకు ఒళ్లు మండింది.

"బాబాయి సడలించి కదా పెట్టేవాడు? ఏడేళ్లు ఇలా బిగించి, అందులోనూ ఇస్త్రీ వేడి పక్కన పెడితే మెడ నిలుస్తుందా పిన్నీ?"

పిన్ని నా చేతిలోంచి గిటారు తీసుకుని, కంటి దగ్గర పెట్టుకుని, రెండో కన్ను మూసింది. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత "వంగింది" అని ఒప్పుకుంది.

బాగవుతుందా అని నర్సు నెమ్మదిగా అడిగింది. మెడ లోపల ఒక ఇనుప చువ్వ ఉంటుందని, తాళంచెవిలాంటి పనిముట్టుతో దాని మర తిప్పితే మెడ మళ్లీ నిటారుగా రావచ్చని చెప్పాను. మర ఇంకా తిరిగితే సరే, బిగుసుకుపోయి ఉంటే మాత్రం పెద్ద పని, కొనకపోవడమే మంచిదన్నాను. ఏది తేలాలన్నా ముందు తీగలు సడలించాలి. అని, తీగని చుట్టి బిగించే బిరడా మీద చెయ్యి వేశాను.

"ఆగరా. అది ఆయన బిగించింది" అంది పిన్ని.

అప్పుడు చెప్పింది. ఆ రోజు బాబాయి పొద్దున్నే గిటారు తీసి శ్రుతి చేశాడట. ఇంతలో పనికి వేళైపోయిందని లేచాడు. సడలించి పెట్టవా అని ఈవిడ గుర్తు చేస్తే, సాయంత్రం వచ్చి వాయిస్తాగా, అలాగే ఉండనీ అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

"నేను సడలిస్తే, ఇక రాడని ఒప్పుకున్నట్టే కదరా" అంది.

ఇందాకటి నా కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు. నర్సు తలదించుకుంది. కాసేపటికి పిన్నే, సడలించే ముందు ఒక్కసారి మీటమంది. బాబాయిలాగే బొటనవేలితో ఆరు తీగలూ మీటాను. పిన్ని తలెత్తింది. ఎత్తిన తల అలాగే ఉంది గానీ మొహం మారిపోయింది.

"ఇది కాదు. ఆయనది ఇలా ఉండదు."

బిగించిన తీగ ఎవరూ ముట్టకపోయినా మెల్లమెల్లగా జారుతుందని, మెడ వంగినకొద్దీ ఇంకా దిగుతుందని చెప్పాను. బాబాయి పెట్టిన శ్రుతి ఎప్పుడో పోయి ఉంటుంది, బహుశా మొదటి ఏడాదే. మిగిలింది లాగుడు ఒక్కటే.

"నేను ఇక్కడే కూర్చుని ఉన్నాను. ఎదురుగానే ఉన్నాను" అంది పిన్ని, ఎవరో దొంగతనం చేశారన్నట్టు.

తర్వాత గిటారు ఒళ్లోకి తీసుకుని తనే మొదటి బిరడా తిప్పింది. అటు కాదు, ఇటు అని చెయ్యి పట్టుకుని చూపించాల్సి వచ్చింది. మిగతావి తనే తిప్పుకుంది. ఒక్కో తీగా మూలిగి ఊరుకుంది. కళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చింది.

నేను సంచిలోంచి ఆ పనిముట్టు తీసి, మెడలోని మరకి పెట్టి తిప్పాను. కిర్రుమంటూ మర కదిలింది. బాగవుతుంది, తీసుకోవచ్చు అని నర్సుతో అన్నాను. పిన్ని తొడుగు దులిపి, మడిచి, ఆమె చేతిలో పెట్టింది.

"వాయించడం అయ్యాక సడలించి పెట్టు తల్లీ. సాయంత్రం మళ్లీ వాయిస్తాలే అని మాత్రం వదిలెయ్యకు."