ఎంతసేపు ఆగితే మంచిది?

పుదుచ్చేరిలో ఫిజియోథెరపిస్టుగా ఇరవై ఏళ్లయింది, ఈ రోజు అడిగిన ప్రశ్న మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

సాయంత్రం ఆఖరి పేషెంటు మల్లిక. సేదరపేట్‌లో ఒక ఫ్యాక్టరీలో పెట్టెలు మోస్తుంది. మూడేళ్లుగా నడుం నొప్పి. ఆ కండరాలు ఎంతసేపు ఓర్చుకుంటాయో కొలిచి ఫ్యాక్టరీకి రిపోర్టివ్వాలి. మనిషిని బోర్లా పడుకోబెట్టి, కాళ్లు పట్టీలతో బిగించి, నడుం పైభాగాన్ని బల్ల అంచు దాటించి గాలిలో నిలపమంటాం. వాలిపోగానే స్టాప్‌వాచ్ ఆపేస్తాం. పొద్దుట్నుంచి ఇదే పని చేసి నా నడుమే పట్టేసింది.

పట్టీ బిగిస్తుంటే మల్లిక తల తిప్పింది.

“ఎంతసేపు ఆగితే నాకు మంచిదక్కా?”

“ఆగగలిగినంతసేపు ఆగమ్మా.”

“అది కాదక్కా. శానా సేపు ఆగితే నొప్పి లేదు, పెట్టెలు మొయ్యి అంటారు. బిన్నా పడిపోతే పనికే రావద్దంటారు. కూర్చోని చేసే పని ఇయ్యాలంటే యాడ ఆపాల?”

“ఉన్నది ఉన్నట్టు రాస్తానమ్మా” అన్నాను.

ముప్పై సెకన్లకే మల్లిక ఒళ్లంతా వణికింది. నలభై ఒకటికి చేతులు నేలకు ఆనాయి.

“ఇది తక్కువాక్కా?”

“తక్కువే.”

“ముందే చెప్పుంటే ఇంకొంచేపు పట్టుకోనుంటా గదా!” అంది, ఆయాసపడుతూనే.

నలభై ఒకటి అనే రాశాను. దాని కింద, కూర్చుని చేసే పని ఇమ్మని రెండు లైన్లు రాసి సంతకం పెట్టాను. ఆఫీసుల్లో ఇలాంటి కాగితాలు చూసేవాళ్లు ఇక్కడెవరైనా ఉంటే నిజం చెప్పండి, అంకె దాటి కిందికి చదువుతారా?