మోటరు నెపం... గిర్ని మీద పగ

మా చిన్నప్పుడు బావి దగ్గర మోటరు ఆగిందంటే... మా మేనత్త సత్తెమ్మ మోటరును చూసేది కాదు. ఊళ్లో గిర్ని ఉన్న దిక్కుకు తిరిగి చూసేది.

ఆ వడ్ల గిర్ని ఆమె మరిది మల్లేశానిది. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి బండ్ల బాటన వస్తే మా ఊళ్లో మొదట కనిపించేది అదే. మా మామ, మల్లేశం కలిసి పెట్టారు. అత్త కూడా అందులో ఏళ్ల తరబడి వడ్లు పోసింది, చెరిగింది. మామ పోయాక పెద్దదినం అయిన మర్నాడే ఇక ఇంట్లో చోటు లేదన్నట్టు మల్లేశం ఆమె బట్టల పెట్టెను తెప్పించి గిర్ని అరుగు మీద పెట్టించాడు... మా బాపు వెళ్లి ఆ పెట్టెను, తన అక్కను మా ఇంటికి తీసుకొచ్చాడు. అత్త ఏడవలేదు. ఎవరినీ తిట్టలేదు కూడా.

ఆ తర్వాత ఊరికి కరెంటు వచ్చింది. అప్పటిదాకా డీజిల్ ఇంజన్‌తో నడిచిన గిర్ని కరెంటుకు మారింది. బాపు మోట కొట్టే ఎడ్లను అమ్మేసి, వరంగల్ నుంచి మోటరు తెచ్చి బావిలో గద్దె మీద బిగించాడు. ఇక ఎండినా పండినా మోటరే దిక్కు...

వరి పొట్టకొచ్చిన రోజుల్లో అది ఆగడం మొదలుపెట్టింది. కాసేపు నడిచేది... స్టార్టరు పెట్టెలో టక్కుమనేది... ఆగేది. కొంతసేపు ఊరుకుని పచ్చ బటన్ నొక్కితే మళ్లీ నడిచేది. మళ్లీ టక్కు. కింది మడికి నీళ్లు చేరకముందే కాలువ ఇంకిపోయేది. మడి నెర్రెలు విచ్చసాగింది. ఆ పంట పోతే మాకు ఏడాది తిండి పోయినట్టే.

బాపు ఫ్యూజులు చూశాడు. వదులైన వైర్లు బిగించాడు. నీళ్లలో దిగి పైపు అడుగున పట్టిన నాచు తీశాడు. ఏమీ మారలేదు.

"గిర్ని మొదలువెట్టంగనే మన మోటరు ఆగుతాంది... చూస్తలేవా తమ్మీ?" అంది అత్త.

అందులో కొంత నిజముంది. గిర్ని నడవడం మొదలుకాగానే మా ఇంట్లో బల్బు ఎర్రబడేది. గిర్నికీ మా మోటరుకూ కరెంటు ఒకే తీగ మీద వచ్చేది. అందరం నమ్మాం. గిర్ని నడుస్తున్నప్పుడు మోటరు ఆగిన పూటలు మాకు బాగా గుర్తుండేవి. గిర్ని నడవనప్పుడు ఆగిన పూటలను ఎవరూ గుర్తుపెట్టుకోలేదు...

వెళ్లి మల్లేశాన్ని అడుగుదామన్నాడు బాపు. అత్త వద్దంది.

"అడిగితే వాడు పెద్దోడైతడు. గిర్నికి గింజ పోకుంటే సాలు."

ఆ రోజుల్లో గిర్నిలో వడ్లు పట్టించుకుంటే బియ్యం మనకు, తవుడు గిర్నివాళ్లకు. అదీ రివాజు. ఇంట్లో బర్రెకు మళ్లీ తవుడు కొనుక్కునేవాళ్లం. అత్త ఇల్లిల్లూ తిరిగింది. మల్లేశం గురించి ఒక్క చెడ్డ మాట అనలేదు. తవుడు గురించే మాట్లాడింది. నూకలు ఎటు జారిపోతాయో, ఎవరి బుట్టలోకి చేరతాయో అక్కడ పనిచేసిన మనిషి కాబట్టి విడమరిచి చెప్పింది. ఇంట్లో దంచుకుంటే తవుడు మీ బర్రెకే కదా అంది... అంతే.

మూలకు పడేసిన రోకళ్లు బయటికొచ్చాయి. మొదట మా వాకిట్లో, తర్వాత పక్క వాకిట్లో, ఆ తర్వాత వాడంతా దంపుడు చప్పుడే.

"నీ పగ మా రెక్కల మీద తీర్చుకుంటానవ్ వదినా," అంది అమ్మ, బొబ్బలెక్కిన చేతులు చూపించి. అత్త రోట్లో ఇంకో చేటెడు వడ్లు పోసింది.

గిర్నికి బండ్లు రావడం ఆగిపోయింది. ఒక పొద్దున దాని తలుపే తెరుచుకోలేదు. అత్త తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని, మాతోపాటు బావి దగ్గరికి వచ్చింది. బాపు మోటరు వేశాడు. నీళ్లు కాలువలో పడ్డాయి...

టక్కు.

అత్త గిర్ని దిక్కు చూసింది. అక్కడ ఏ చప్పుడూ లేదు.

బాపు బావిలోకి దిగి పంపు మీద అక్కడా ఇక్కడా చెయ్యి పెట్టి చూశాడు. ఇరుసు పంపులోకి వెళ్లే చోట పెట్టిన చెయ్యి వేడికి చురుక్కుమని చటుక్కున తీసేశాడు. అక్కడ చుట్టిన తాడును రెండు నట్లతో బిగిస్తారు. ఆ సందులోంచి చుక్కచుక్కగా నీరు కారుతుండాలి. ఆ నీటితోనే ఇరుసు చల్లగా ఉంటుంది. మా పంపులో చుక్క కారడం లేదు. నట్ల బిగువుకు తాడు ఇరుసును పట్టేసింది. మోటరు బరువు లాగలేక వేడెక్కి ఆగిపోతోంది... చల్లారాక మళ్లీ నడుస్తోంది.

ఎవరు బిగించారని అడిగాడు బాపు.

"నేనే," అంది అత్త. "నీళ్లు ఉత్తగ కారిపోతానయని పానా వెట్టి తిప్పిన."

బాపు నట్లు వదులు చేశాడు. చుక్కలు రాలాయి. ఆ రోజు కరెంటు పోయేదాకా మోటరు ఆగలేదు. కింది మడి తడిసింది.

ఇంటికొస్తూ బాపు నెమ్మదిగా అన్నాడు, "మల్లేశం తప్పు లేదు గదక్కా... ఇగ వడ్లు గిర్నికి పంపుదాం."

"మోటరు సంగతి వేరే. వాని సంగతి వేరే," అంది అత్త.

దంపుడు ఆగలేదు. కొనకుండానే తవుడు దొరుకుతుంటే బర్రెలున్న ఏ ఇల్లూ ఆపలేదు.

చివరికి మల్లేశమే మా ఇంటికొచ్చాడు. అరుగు మీద కూర్చోలేదు. అత్త మంచినీళ్లిచ్చింది.

"గిర్ని బందువడ్డది వదినా. జర నువ్వొక్క మాట చెప్తే ఊరు ఇంటది," అన్నాడు.

అత్త ఖాళీ చెంబు అందుకుంది.

"నీ ఇంట్ల వడ్లున్నయా మల్లేశం? తెచ్చుకో, దంచిపెడ్త. తవుడు మాత్రం నేనుంచుకుంట."

ఆయన వెళ్లిపోయాడు. వరి కోతలయ్యాక గిర్ని సామాను అమ్ముకుని వరంగల్ చేరాడు. అత్త ఆ తర్వాత చాలాకాలం బతికింది. పశ్చాత్తాపపడినట్టు నాకు ఎక్కడా ఆధారం దొరకలేదు...

ఇప్పుడు హనుమకొండలో మా ఇంటి మోటరు బోరులో, ఎక్కడో భూమి అడుగున ఉంది. చెయ్యి పెట్టి చూసే వీలు లేదు. ఆగితే మెకానిక్‌కు ఫోన్ చేస్తాం. పక్కింట్లో ఎవరుంటున్నారో కూడా మాకు తెలియదు... పగబట్టాలన్నా మనుషులు ఒకరికొకరు అంత దగ్గరగా ఉండాలి కదా...

మీ ఇంట్లో నీళ్లు ఆగితే, ముందుగా ఎవరి పేరు వినిపించేది?