గుడ్డలో పెసలను గంపలో విత్తినవాణ్ణి

ఆదివారం, పొద్దున సరిగ్గా ఎనిమిది గంటలు. పెనుకొండలో, నా ఇంట్లోనే, నా పరువు మట్టిలో కలిసిన ముహూర్తం అది. తొంభైల చివరి మాట.

అంతకు వారం ముందు హిందూపురం డాక్టరమ్మ నా కూతురు సుశీలను చూసింది. నాలుగో నెల. తిన్నదంతా కక్కేస్తోంది, ఒంట్లో రక్తం లేదు. చీటీలో "పెసర మొలకలు" అని రాసింది. నలభై దాటాక అక్షరాలు నేర్చినవాణ్ణి, ఆ చీటీ నేనే కూడబలుక్కుని చదివాను. చదివినవాడికి ఇంకొకరు చెప్పేదేముంటుంది?

నా భార్య రామక్క పెసలు నానబెట్టి, తడిగుడ్డలో కట్టి, మేకుకు వేలాడదీసింది. తడి ఆరనీయొద్దని చెప్పి, చెల్లెలికి జ్వరమని ధర్మవరం వెళ్లింది. మర్నాడు గుడ్డ విప్పితే ప్రతి గింజకూ తెల్లటి తోక. వరి విత్తనానికి మొలక కట్టి చల్లే చేతులండీ ఇవి, ఊరుకుంటాయా? గంపలో ఎర్రమట్టి, పేడ ఎరువు కలిపి పెరట్లో విత్తేశాను.

సుశీల మంచం మీంచే రోజూ అడిగేది.

"నాయనా, మొలకలేవి?"

"పెరుగుతాండాయమ్మా."

"రెండు దినాలకే అయ్యేవి కదా?"

"నాకా చెప్తావు సేద్యం?"

ఆదివారం రామక్క దిగింది. కూతురి ముఖం చూసి, గుడ్డలో పెసలు ఏమైనాయని అడిగింది. పెళ్లికొడుకును తెచ్చినట్టు గంప తెచ్చాను. జానెడు పచ్చదనం, కాడకు రెండేసి ఆకులు.

"తోకొచ్చినాక గింజతో సహా తింటారయ్యా. ఇందులో గింజ యాడుండాది? వారం దినాలు బిడ్డకు ఏం పెట్టినావు?"

"గంజి."

నేను కంగారులో గుప్పెడు వేళ్లతో సహా పీకి సుశీల నోటికి అందించాను. దుప్పటి నిండా పేడ. రవికెలు కుట్టే పక్కింటి మేరమ్మ వచ్చి చూసి, నవ్వాపుకోలేక, కత్తెర తెచ్చింది.

"మట్టి గూడా తినిపిస్తావా మామా? వేరు మట్టిలోనే వదిలెయ్. కాడా ఆకూ కోసుకో. ఇది మొలక దాటి కూరైపోయింది."

రామక్క కడిగి పప్పులో వేసింది. సుశీల ఒక ముద్ద మింగింది. మేం ముగ్గురం వానమబ్బును చూసినట్టు ఆమె ముఖమే చూస్తూ కూర్చున్నాం. అరగంట గడిచింది. కక్కలేదు.

"ఇంకా ఉండాదామ్మా?" అంది.

రామక్క కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగింది. "రేపు ఇంకో గంప దున్నుకో."

ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. వంటింట్లో గుడ్డలో కట్టి వేలాడదీసింది పెరుగే అయినా సరే, ఈ జన్మలో దాన్ని విత్తను.

ఆనాడు అక్కడున్నవాళ్లం: ఓబన్న అనే నేను, రామక్క, మేరమ్మ, సుశీల, ఆమె కడుపులో ఇంకా పేరు పెట్టని నా మనవరాలు.