ఓదెలు పేరు రాయించడానికి గోదావరిఖని వెళ్లాను

జనాభా లెక్కల ఏడాది మా చెల్లె నన్ను ఇంట్లో కూర్చోనివ్వలేదు. "అన్నా, గోదావరిఖని పో. సర్కారు లెక్కలనన్న నా కొడుకు పేరు సక్కగ రాయించు. రేపు బాయి కూలితె నా కొడుకు సచ్చిండని గూడ రాయరు" అంది.

ఆమె కొడుకు ఓదెలు బొగ్గుబావిలో పనిచేసేది కొమురయ్య పేరున. ఉద్యోగం వచ్చింది మా ఊరి కొమురయ్యకు. అతను మూడు రోజులు దిగి, ఆ చీకటికి జడిసి ఊరికి పారిపోయాడు. అతని స్థానంలో మా వాడు దిగాడు. అక్కడ ఇది మామూలే.

పొద్దున ఏడింటికి జమ్మికుంటలో ప్యాసింజరు ఎక్కాను. ఒక పక్క గోరఖ్‌పూర్ కూలీలు, ఎదురుగా మలయాళీ నర్సు, కోస్తా నుంచి కుట్టుమిషను మోసుకొస్తున్న దర్జీ.

"అక్కడ కొత్తబట్టలు కుట్టించుకుంటారాండీ?" అని దర్జీ అడిగాడు.

"జీతమొచ్చిన వారం కొత్తవి. మిగతా మూడు వారాలు చిరుగులు" అన్నాను.

పదిన్నరకు రామగుండంలో దిగి, బస్సులో నిలబడే గోదావరిఖని చేరాను. నేను మొదట చూసినప్పుడు అక్కడ తుమ్మచెట్లు, నాలుగు గుడిసెలు. ఇప్పుడు ఒక చాయ్ తాగేలోపు ఐదు భాషలు వినబడ్డాయి. కంపెనీ క్వార్టర్లలో కరెంటు దీపాలు, మురుగు దాటితే గుడిసెల వరుసలు. బొగ్గు తవ్వేవాడు గుడిసెలో, తవ్విన బొగ్గును కాగితం మీద రాసేవాడు క్వార్టర్లో! దీన్ని అభివృద్ధి అంటున్నారు.

రెండో షిఫ్టు డ్యూటీకి తయారవుతున్న ఓదెలు గుడిసె ముందే దొరికాడు. లెక్కలు రాసే పంతులు అప్పటికే వచ్చి ఉన్నాడు. దారి చూపడానికి వెంట కంపెనీ గుమస్తా.

"ఇంటి యజమాని పేరు?"

"ఓదెలు" అన్నాను నేను.

ఓదెలు ముఖం పాలిపోయింది. "మామ ముసలోడైండు సార్, యాదికుండదు. కొమురయ్య అని రాయుండ్రి."

పంతులు అతని భార్య వైపు తిరిగాడు. "నీ మొగని పేరేంటమ్మా?"

మా ఆడవాళ్లు భర్త పేరు పలకరు. పక్కవాళ్లు అందించాలి. లచ్చమ్మ మాత్రం "కొమురయ్య" అని ఠక్కున అనేసింది. అన్నాక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

గుమస్తా తలెత్తాడు. మావాడి ఉద్యోగం పోయిందనుకున్నాను. అతను గొంతు తగ్గించి, "గంత జల్ది చెప్తె ఎట్లనే అక్కా? జర సిగ్గుపడాలె" అని తర్వాతి గుడిసెకు నడిచాడు.

పంతులు కొమురయ్య అనే రాసుకున్నాడు. మా ఊళ్లో అసలు కొమురయ్య అంతకుముందే రాయించుకున్నాడు. లెక్కలో కొమురయ్యలు ఇద్దరు, మా ఓదెలు ఎక్కడా లేడు.

"అవ్వకు నా పేరే రాసిండ్రని చెప్పు మామా" అని వాడు డ్యూటీకి వెళ్లిపోయాడు.

సాయంత్రం బండిలో తిరిగివస్తూ ఒకటే అనుకున్నాను. ఆ పట్టణం ఇంకా పెరుగుతుంది. అక్కడ మీవాణ్ని వెతకాల్సి వస్తే ఊరి పేరు అడగండి, మనిషి పేరు అడగకండి. జమ్మికుంట దాకా "ఓదెలు అనే రాసిండ్రు చెల్లే" అని లోలోపల పలుకుతూ వచ్చాను. లచ్చమ్మకు వచ్చినంత సులువుగా నాకు రాలేదు.