నూటయాభై పర్సెంటు మద్దతు

మొన్న ఆదివారం మా హాస్టల్ అంతా మ్యాట్నీకి పోవాల్సింది. పోలేదు. కారణం బంద్ కాదు, వాన కాదు, నా నోరు!

శుక్రవారం సాయంత్రం వార్డెన్ మేడమ్ మా అందర్నీ మెస్ హాల్లో కూర్చోబెట్టినారు. కాలేజీలో లెక్కలు చెప్పేదీ ఆమే. "ఆదివారం కొండకు పోదామా, సినిమాకు పోదామా? రెండిటికైనా ఎత్తొచ్చు" అని చేతులెత్తమన్నారు. కొండకు నూటికి ఎనభై మంది ఎత్తినారు. సినిమాకు డెబ్భై మంది.

"సరే. రెండూ కావాలనే వాళ్లు సగానికి పైన ఉంటే పొద్దున కొండ, మధ్యాహ్నం సినిమా. లేకుంటే కొండ మాత్రమే. రెండూ కావాలనేవాళ్లు ఎత్తండి, చూస్తాం."

ఎత్తనిచ్చింటే ఆడికి అయిపోయేది. కానీ నేను డిబేట్లో కప్పు కొట్టుకొచ్చినదాన్ని కదా! లేచినాను.

"మళ్లీ ఎందుకు మేడమ్? ఎనభై, డెబ్భై... మొత్తం నూటయాభై పర్సెంటు మద్దతు!"

మేడమ్ కళ్లద్దాలు కిందికి దించినారు. "నూటికి మించిన ఆ యాభై యాడ నుంచి వచ్చినారమ్మా? మగపిల్లల హాస్టల్ నుంచా?"

హాలంతా గొల్లుమంది. నా రూమ్మేట్ సరళ అయితే బల్ల గుద్ది మరీ నవ్వింది, ద్రోహి! నాకు రోషం పొడుచుకొచ్చింది.

"చేతులెత్తే పనే లేదు మేడమ్. లెక్కతోనే నిరూపిస్తా!"

"నిరూపించు. నీ లెక్కే ఖాయం చేస్తా."

సరళ నా ఓణీ పట్టి లాగింది. "కూసో మే! చేయెత్తితే పోయేదానికి..."

నేను వింటానా? మెస్ బోర్డు మీదున్న ఉప్మాను తుడిచేసి చాక్‌పీసు అందుకున్నా.

"కొండ వద్దన్నవాళ్లు ఇరవై. సినిమా వద్దన్నవాళ్లు ముప్పై. వీళ్లూ వాళ్లూ వేరువేరు మనుషులే అనుకున్నా, ఏదో ఒకటి వద్దన్నవాళ్లు యాభైకి మించరు. అంటే రెండూ కావాలనేవాళ్లు తక్కువలో తక్కువ యాభై! డెబ్భై దాకా కూడా ఉండొచ్చు!"

చప్పట్లే చప్పట్లు! నేను హాలంతటికీ దండం కూడా పెట్టినాను.

"భేష్! లెక్కలో తప్పు లేదు" అన్నారు మేడమ్. "యాభై ఖాయం. కానీ యాభై అంటే సగం. నేనడిగింది సగానికి పైన."

చప్పట్లు టక్కున ఆగిపోయినాయి.

"పోనీ మేడమ్... ఇప్పుడు చేతులెత్తిస్తే..."

"వద్దన్నది నువ్వే కదమ్మా!" లేచి వెళ్లిపోయినారు.

ఆదివారం అలిపిరి మెట్లెక్కుతా ఉంటే, పైనుంచి సరళ వెనక్కి తిరిగి అరిచింది. "ఏమే, నిజంగా రెండూ కావాలనుకున్నోళ్లు ఇప్పుడెత్తండే చేతులు!"

కిందా మీదా ఎటు చూసినా చేతులే. డెబ్భైకి ఏమంత తక్కువ లేవు. చేతులెత్తినవాళ్లంతా నన్నే చూస్తా ఉండారు.

నేను తల వంచుకొని ఇంకో మెట్టెక్కినాను. "పాపం, ఎక్కలేక ఆయాసంతో నోరు పడిపోయినట్టుండాది" అన్నారెవరో జాలిగా.

ఎవరేమన్నా లేచి ఖండించే మనిషిని. ఆ ఒక్క మాటను మాత్రం ఖండించలేదు.